సంతానక్రమము - జాతి సంపద

వానలు కురిసి చెరువులకు కొత్తనీరు వచ్చిన పిమ్మట, సిద్దిపేట ప్రాంతమున గట్టు వెంట నడచువారికి ఒక చిన్న వింత కంటబడును. తుంగయు, తామరాకులును పెరిగిన లోతులేని నీటిలో ఎఱ్ఱని నలుసుల గుంపొకటి కదలుచుండును. అది ఒకమారు పైకి తేలును. ఒకమారు క్రిందికి దిగును. కదలక మెదలక కొంతసేపు చూచినచో ఆ గుంపు క్రింద నల్లని నీడ వంటిదొకటి కానవచ్చును. ఆ ఎఱ్ఱని నలుసులు కొర్రమీను పిల్లలు. ఆ నల్లని నీడ వానిని కాచుకొనియున్న పెద్దచేప.

నేనీ వింతను చూచిన దినమున నా ప్రక్కనే ఒక వృద్ధుడు వల చిక్కు విప్పుకొనుచుండెను. తాతముత్తాతల నాటినుండి ఆ చెరువునే నమ్ముకొని బ్రతికిన కుటుంబము వారిది. నేను వంగి చూచుట గమనించి, "సారూ, గా పెద్దచేపను పట్టుకుంటే గీ పిల్లలన్ని కొంగల పాలే. గందుకే గీ దినాలల్ల దాన్ని ముట్టొద్దని మా నాయిన చెప్తుండె" అనెను. "మరి రవ్వ సంగతేమి?" అని అడిగితిని. ఆయన నవ్వి, "దానికి పిల్లల ముచ్చట యాడిది సారూ! లచ్చల గుడ్లు పెడ్తది, తన తొవ్వన తాను పోతది. గదిగూడ మన చెరువుల పెట్టది, పారే నీళ్లల్లనే పెడ్తది" అని చెప్పెను.

ఆ వృద్ధుడు చెప్పినది రెండు చేపల నడవడి. కాని ఒక జాతి తన సంతానమును ఏ విధముగా కని, ఏ విధముగా పెంచునో తెలిసినచో, ఆ జాతి నెత్తుటిలో ఎంత వైవిధ్యము దాగియున్నదో చాలవరకు ఊహింపవచ్చునని శాస్త్రజ్ఞులు 2014వ సంవత్సరమున నిరూపించిరి. నేటి ప్రసంగమునకు విషయమదియే.

జన్యు వైవిధ్యము అను మాట విని శ్రోతలు బెదరనక్కరలేదు. ప్రతి జీవి దేహమునందును ఆ జీవి నిర్మాణమునకు వలసిన సూచనలు వ్రాసియున్న గ్రంథము వంటి పదార్థము కలదు. దానినే డి.ఎన్.ఏ. అందురు. నాలుగే అక్షరములతో వ్రాయబడిన గ్రంథమది. ఒకే జాతికి చెందిన రెండు జీవుల గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమునకు అక్షరము సరిచూచినచో అక్కడక్కడ భేదములు కనిపించును. మన తాళపత్ర ప్రతులలో పాఠాంతరములు ఉన్నట్లే అనుకొనవచ్చును. మనుష్యులలో ఏ ఇద్దరిని తీసికొన్నను, వేయి అక్షరములకు ఇంచుమించు ఒక అక్షరమే భేదించును. ఒక జాతిలోని ఇట్టి పాఠాంతరముల సమృద్ధియే ఆ జాతి జన్యు వైవిధ్యము.

ఈ భేదములతో ప్రయోజనమేమి? మన మెట్టపొలములలో పూర్వము రైతు ఒకే చేనిలో జొన్నతోపాటు కందియు, పెసరయు, అనుమును కలిపి చల్లుచుండెడివాడు. వాన వెనుకబడినను, పురుగు తగిలినను, ఒకటి పోయిన చోట మరియొకటి చేతికి వచ్చునని ఆయన నమ్మకము. జాతిలోని వైవిధ్యమును అటువంటిదే. కొత్త వ్యాధి వచ్చినప్పుడు, నీరు వేడెక్కినప్పుడు, ఆహారము మారినప్పుడు, కొన్నిటికైనను తట్టుకొను లక్షణము ఉండుటకు అవకాశమిచ్చునది ఈ వైవిధ్యమే. అన్నియు ఒకే అచ్చున పోసినట్లున్నచో ఒకే దెబ్బకు అన్నియు పోవచ్చును.

అయినచో ఏ జాతిలో వైవిధ్యము ఎక్కువ? సంఖ్య ఎక్కువైన జాతిలో వైవిధ్యము ఎక్కువ యుండవలెనని ఎవరికైనను తోచును. వ్రాసిన ప్రతులు పెరిగినకొలది పాఠాంతరములును పెరుగును గదా! శాస్త్రజ్ఞులును చాలకాలము అట్లే తలంచిరి. 1966లో షికాగో విశ్వవిద్యాలయమున రిచర్డ్ లెవాంటిన్, జాన్ హబ్బీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పండ్ల ఈగల ప్రోటీనులను పరీక్షించి, ఎవరును ఊహింపనంత వైవిధ్యమును కనుగొనిరి. ఆ పిమ్మట ఎన్నో జాతులను ఎందరో పరీక్షించిరి. కాని అపుడొక చిక్కు ఎదురయ్యెను. జాతులకును జాతులకును సంఖ్యలో కోట్లకొలది రెట్ల తేడా ఉన్నను, వైవిధ్యములో తేడా అంతగా లేదు. లెవాంటిన్ 1974లో వెలువరించిన గ్రంథమున ఈ చిక్కును విద్వల్లోకము ముందుంచెను. అది చాలకాలము విడివడని ముడిగానే యుండెను.

2014లో ఫ్రాన్సు దేశములోని మాంపెలియె నగర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, రోమిగియే, గాల్తియే మొదలగువారు, ఈ ముడిని మరియొక వైపునుండి విప్పజూచిరి. వారు 76 జంతుజాతులను ఎన్నుకొనిరి. అందు చీమలు, చెదలు, దోమలు, సీతాకోకచిలుకలు, ఆలిచిప్పలు, తాబేళ్లు, పెంగ్విన్ పక్షులు మొదలగునవి కలవు. ఒక్కొక్క జాతినుండి రెండు మొదలు పది జీవులను తీసికొని, వాని జన్యువులలోని అక్షరములను సరిచూచిరి. పిమ్మట ఒక్కొక్క జాతి ఎంత విశాలమైన భూభాగమున వ్యాపించియున్నది, ఎంతకాలము జీవించును, ఎన్ని గుడ్లు పెట్టును, తల్లిని విడిచిపోవునాటికి పిల్ల పరిమాణమెంత అను విషయములను ఆ లెక్కలతో పోల్చి చూచిరి.

ఫలితము ఆశ్చర్యకరముగా నుండెను. విశాల భూభాగమున వ్యాపించిన జాతియైనంత మాత్రమున వైవిధ్యము ఎక్కువ యుండుటలేదు. కొత్త దేశములకు ప్రాకి ఆక్రమించు జాతియైనను, కాకున్నను, ఆ తేడా లెక్కకు రాలేదు. లెక్కకు వచ్చినది సంతానక్రమము. దీర్ఘాయువు కలిగి, కొద్ది సంతానమును కని, వానిని కాపాడి పెంచు జాతులలో వైవిధ్యము తక్కువ. అల్పాయువు కలిగి, లెక్కలేనన్ని గుడ్లను పెట్టి, వానిని దైవమునకు వదలివేయు జాతులలో వైవిధ్యము ఎక్కువ. అన్నిటికంటె స్పష్టముగా ఈ తేడాను తెలుపు కొలబద్ద, తల్లి సంరక్షణను విడిచిపోవునప్పటి పిల్ల పరిమాణమే. పిల్ల ఎంత పెద్దదై ఇల్లు విడుచునో, ఆ జాతిలో వైవిధ్యము అంత తక్కువ.

ఆ 76 జాతులలో అత్యల్ప వైవిధ్యము గలది ఏదో ఊహింపగలరా? ఏనుగువంటి పెద్ద జంతువని తోచవచ్చును. కాదు, అది చెదపురుగు. ఐరోపాలోని ఒక జాతి చెదలలో ఈ వైవిధ్యము నూటికి 0.1 వంతు మాత్రమే. అత్యధికము సముద్రములో రాళ్లను అంటుకొని జీవించు ఒక నత్తజాతిలో కనిపించినది. దానిలో నూటికి 8.3 వంతులు. అనగా ఎనుబది రెట్లకు పైగా తేడా.

మన దూలములను తొలిచి, పుస్తకములను పొడిచేయు చెదల సంఖ్య తెలిసిన గృహిణి ఈ మాటను వెంటనే నమ్మదు. కాని చెదల సంసారమును గమనింపుడు. వేలకొలది చెదలున్నను, వానిలో చాలభాగము సంతానము లేని పనివాండ్రు. సంతానమును కనునవి రాజు, రాణి మొదలుకొని మిక్కిలి కొద్ది మాత్రమే. మిగిలినవన్నియు పిల్లలకు మేతపెట్టుటలోను, గూటిని కాపాడుటలోను జీవితమును గడపును. అందువలన కంటికి వేలుగా కనిపించునది, వంశమును నిలుపు లెక్కలో ఒక సంసారము మాత్రమే. తలలను లెక్కించుట వేఱు, తల్లిదండ్రులను లెక్కించుట వేఱు.

ఈ భేదమును 1931లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూవల్ రైట్ గుర్తించి, ప్రభావసంఖ్య అను భావమును ప్రవేశపెట్టెను. జాతిలో ఎన్ని తలలున్నవి అనునది కాక, తరువాతి తరమునకు తమ జన్యువులను సమముగా అందించుచున్న తల్లిదండ్రుల లెక్కయే వైవిధ్యమును నిర్ణయించునని ఆయన చూపెను.

ఇక సంతానక్రమమునకును ఈ సంఖ్యకును గల సంబంధమేమి? ఆ పరిశోధకులు చెప్పిన కారణము మన అనుభవమునకు దూరమైనది కాదు. పిల్లలను గాలికి వదలివేయు జాతికి కాలము అనుకూలించిన యేట కోట్లు మిగులును. అనుకూలింపని యేట ఒక్కటియు మిగులకపోవచ్చును. అట్టి జాతి సంఖ్యలో ఎప్పుడును అపారముగా నున్ననే గాని ఈ ఎగుడుదిగుడులను తట్టుకొనలేదు. కొద్ది సంఖ్యతో బ్రతుకజూచిన బహుసంతాన జాతులు ఏనాడో అంతరించినవి. కావున నేడు మిగిలియున్నవి విస్తారమైన సంఖ్యతో యుగములు గడపినవే. ఆ విస్తారమే వాని వైవిధ్యమునకు మూలము. పిల్లలను పొదిగి, మోసి, కాచి పెంచు జాతి సంగతి వేఱు. కరవు వచ్చినను, వరద వచ్చినను, తల్లి నీడ పిల్లకు గొడుగగును. అందువలన అది కొద్ది సంఖ్యతోనే వేల తరములు గడపగలదు. కొద్ది సంఖ్యతో గడపుటచే దాని వైవిధ్యమును కొద్దిగానే యుండును.

ఇచ్చట ఒక పొరపాటు పడరాదు. వైవిధ్యము తక్కువగా నున్న జాతి వెంటనే నశించునని దీని అర్థము కాదు. వైవిధ్యము లేని లోటును సంరక్షణము కొంత పూడ్చుచున్నది. వ్యక్తిగతముగా తల్లి చేయు సేవయే ఆ జాతి నిధి. కాని ఆ నిధిని కొల్లగొట్టినచో దానికి వేఱొక దిక్కు లేదు. పూర్వపు ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు గడ్డిమైదానములలో ఒకప్పుడు పేరొందిన బట్టమేకపిట్ట ఇందుకు తార్కాణము. దానికొఱకే అచట 1988లో అభయారణ్యమును ఏర్పరచిరి. ఆ పక్షి సాధారణముగా ఒక కాన్పునకు ఒకే గుడ్డు పెట్టును. పిల్లను చాలకాలము తల్లి వెంటబెట్టుకొని తిప్పును. దేశములోని పలు రాష్ట్రములనుండి సేకరించిన నమూనాలను పరీక్షించి, ఆ జాతిలో జన్యు వైవిధ్యము మిక్కిలి తక్కువయని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 2018 నాటికి దేశమంతట అవి 150 మాత్రమే యున్నవని అంచనా. మైదానములు పొలములగుట, వేట, విద్యుత్తు తీగలు వాని పెద్దపక్షులను హరించినవి. ఏటికొక గుడ్డు పెట్టు జాతిలో ఒక తల్లి పోయినచో, ఆ లోటు పూడుటకు ఏండ్లు పట్టును.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది మన రవ్వచేప. కోస్తా జిల్లాలలో దీనిని శీలావతి అందురు. ఒక తల్లిచేప తన బరువులో ప్రతి కిలోకు రెండు మూడు లక్షల గుడ్లు పెట్టగలదు. నదులు పొంగిన కాలమున పారెడు నీటిలో ఆ గుడ్లను విడిచి వెడలిపోవును. నిలువ నీటి చెరువులో అది గుడ్లు పెట్టదు. అందుచేత పూర్వము చేపలు పెంచువారు వరదకాలమున నదులలో దొరకు గుడ్లను, పిల్లలను ఏరి తెచ్చుకొనుచుండిరి. 1957 జులై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ అను చోట హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు, చేప తలలోని పీయూష గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి, కార్ప్ చేపలచేత గుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు దేశమంతట మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నాము. మన చెరువులలో ఈనాడు ఇంత చేప ఉన్నదన్నచో అది ఆ విద్య పెట్టిన భిక్షయే.

కాని ప్రతి వరమునకును ఒక షరతు ఉండును. నదిలో లక్షల తల్లులు, లక్షల తండ్రులు కలిసి వంశమును నిలుపుచుండగా, ఉత్పత్తి కేంద్రమున ఆ పని కొద్ది చేపల మీద పడినది. ఒక్క తల్లియే లక్షల పిల్లలనిచ్చుచుండగా, వంద తల్లులను పోషించుట ఎందులకని ఎవరికైనను తోచును. ఏ గుణము నదిలో ఆ జాతికి విస్తారమైన సంఖ్యను, వైవిధ్యమును ఇచ్చినదో, ఆ గుణమే తొట్టిలో దాని వైవిధ్యమునకు గొడ్డలిపెట్టు కాగలదు. ఇదియే నేను ప్రత్యేకముగా శ్రోతల దృష్టికి తేదలచిన విషయము.

రైట్ చెప్పిన లెక్కను ఇచ్చట వేసి చూతము. ఒక కేంద్రమున నూరు తల్లిచేపలు, ఐదు మగచేపలు ఉన్నవనుకొందము. తలలు నూటయైదు. కాని ప్రభావసంఖ్య పందొమ్మిది మాత్రమే. మగవి ఐదే యగుటచే తరువాతి తరమునందలి పిల్లలన్నియు ఆ ఐదింటి బిడ్డలే. మరియొక లెక్క. నాలుగు తరములు 200 చేపలతో విత్తనము తీసి, ఒక తరము మాత్రము 10 చేపలతో సరిపెట్టిరనుకొందము. సగటు 162. కాని వైవిధ్యము దృష్ట్యా ఆ ఐదు తరములకును కలిపి లెక్కకు వచ్చునది 42 మాత్రమే. ఒక్క లోటు ఏడు మిగిలిన సమృద్ధి ఏండ్ల ఫలమును మ్రింగివేయును. పోయిన పాఠాంతరము తరువాత లక్ష ప్రతులు వ్రాసినను తిరిగి రాదు గదా! కర్ణాటకములోని కార్ప్ ఉత్పత్తి కేంద్రములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఈ ప్రభావసంఖ్య మిక్కిలి స్వల్పమని, దగ్గరి బంధువులే కలియుచున్నవని 1990లోనే హెచ్చరించిరి.

దగ్గరి బంధువులు కలియుటవలన చేప పెరుగుదల మందగించును, పిల్లలు నిలువవు, వైకల్యములు పుట్టును. దీనికి నివారణ లేకపోలేదు. భువనేశ్వరమునందలి కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రజ్ఞుల సహకారముతో రోహు జాతిని మెరుగుపరచ నారంభించినప్పుడు, ఒక్క చోటి చేపలతో తృప్తిపడక, గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి నదుల చేపలను కూడ తెచ్చి కలిపిరి. మొదట వైవిధ్యమును కూర్చుకొని, పిమ్మట మంచివానిని ఏరుకొనిరి. దాని ఫలమే జయంతి రోహు అను పేర ప్రసిద్ధమైన రకము. మూలధనము లేనిదే వ్యాపారము లేదు. వైవిధ్యము లేనిదే వరణము లేదు.

ఈ విషయము సిద్దిపేటకు దూరమైనది కాదు. 2016లో జిల్లా ఏర్పడిన నాటికి మన చెరువులు వానకు నిండి, ఎండకు ఎండునట్టివి. పిమ్మట గోదావరి నీటిని ఎత్తి తెచ్చి, రంగనాయక సాగరమును 2020లోను, 50 టి.ఎం.సి.ల మల్లన్న సాగరమును 2022లోను ప్రారంభించిరి. తెలంగాణ ప్రభుత్వము 2016-17 నుండి మత్స్యకారుల చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకమును ఆరంభించెను. నీరు పెరిగినది, చేప పెరిగినది, వలవేయు కుటుంబములకు పని పెరిగినది. అందుకు సంతోషింపవలసినదే. కాని ఎన్ని లక్షల పిల్లలను వదలిరని అడుగు మనము, ఆ లక్షలు ఎన్ని తల్లుల బిడ్డలని అడుగుట లేదు. మొదటి ప్రశ్నకు జవాబు ఈ యేటి పంటను తెలుపును. రెండవ ప్రశ్నకు జవాబు మన మనుమల నాటి పంటను తెలుపును.

కావున ముఖ్యముగా మూడు పనులు చేయదగినవి. మొదటిది, విత్తనము కొనునప్పుడు మత్స్యకార సంఘములు తల్లిచేపల సంఖ్యను, మగచేపల సంఖ్యను, అవి వచ్చిన చోటును విచారించుట. రెండవది, ఉత్పత్తి కేంద్రములవారు ఆడమగలను సమముగా పెంచి, కొన్ని ఏండ్లకొకమారు నదిచేపను తెచ్చి కలుపుకొనుట. మూడవది, ఎవరి ఖర్చును లేనిది: వానకాలమున పిల్లలను కాచుకొనియున్న కొర్రమీనును పట్టకుండుట.

ఈ మూడవదానిని గూర్చి మరియొక మాట. 2016లో తెలంగాణము తన రాష్ట్ర మత్స్యముగా కొర్రమీనును ఎన్నుకొన్నది. అది గాలిని నేరుగా పీల్చగలదు. చెరువెండినపుడు తడిబురదలో దాగి ప్రాణము నిలుపుకొనగలదు. ఎవరును విత్తనము పోయకున్నను, గడ్డిమధ్య గూడు చేసికొని, మన చెరువులోనే గుడ్లు పెట్టును. రవ్వచేప గుడ్ల సంఖ్య ముందు దాని గుడ్లు కొద్ది. కాని ప్రతి పిల్ల వెనుక ఒక కాపరి ఉన్నాడు. ఆ కాపరిని తీసివేసినచో ఆ జాతి వద్ద మిగులునది కొద్ది గుడ్లు మాత్రమే. రవ్వకు సంఖ్య బలము, కొర్రమీనుకు కావలి బలము. ఒకదాని సంఖ్యను మనము తొట్టిలో కుదించుచున్నాము. ఒకదాని కావలిని వలతో లాగివేయుచున్నాము. ఏ జాతి బలము ఎచ్చటనున్నదో తెలిసికొని అచ్చట చేయి పెట్టకుండుటయే అసలైన సంరక్షణము.

ఆనాడు చెరువుగట్టున నేను సెలవు తీసికొనునప్పుడు ఆ వృద్ధుడు వలను మడచి భుజమున వేసికొనెను. ఎఱ్ఱని నలుసుల గుంపు మరల పైకి తేలినది. ఆయన తన మనుమని చేయి పట్టుకొని, నీటి అంచున నడువనీయక, దూరముగా చుట్టు తిప్పి తీసికొనిపోయెను. నాయన చెప్పిన మాటను ఆయన మనుమనికి ఆ విధముగా అందించుచుండెను. శాస్త్రము 2014లో లెక్కవేసి చెప్పినది ఆయనకు తెలియకపోవచ్చును. కాని ఆ నల్లని నీడ విలువ ఆయనకు తెలియును. మనకును తెలిసిననాడు మన చెరువులు కేవలము నీటితో కాక, నిజమైన జీవసంపదతో నిండును.